దర్జీ ఆవిడ కుడిచెయ్యి

ఏప్రిల్ 9

అక్కా,

నువ్వు ఖాళీ చేసి వెళ్ళిన కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. దీని ఎడమ చెయ్యి ఊడిపోతుందని ఒక్క ముక్క చెప్పి వెళ్ళకూడదా? మొదటిరోజే దానిమీద ఆనుకుని స్టూడెంట్ల ముందు పక్కకి ఒరిగిపోయాను. వాళ్ళు నవ్వు ఆపుకోలేక నానా అవస్థ పడ్డారు. కొత్త సూపర్‌వైజర్‌గారి పరువు ఆ పూటే గంగలో కలిసింది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాల గోలేమిటని బావగారు నవ్వుతున్నారని రాశావు. ఫోన్‌లో మనిద్దరం కుశలప్రశ్నలు పూర్తికాకముందే దెబ్బలాట మొదలుపెడతామని ఆయనకి తెలియదా? ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డురాలేవు. ఆ సుఖం నాకు కావాలి.

ఇక పని సంగతి. ఇన్నాళ్ళూ నా పేషెంట్లు నా కళ్ళముందు ఉండేవాళ్ళు. ఒకరికి గుండీ పెట్టుకోవడం, ఇంకొకరికి గ్లాసు పట్టుకోవడం మళ్ళీ నేర్పి హాయిగా ఇంటికి పోయేదాన్ని. ఇప్పుడు ఎవరికి ఏం చేయించాలో ప్లాన్ రాసేది నేను, చేయించేది అసిస్టెంట్లు, కింద సంతకం మళ్ళీ నాది. వీళ్ళతో పాటు హెల్పర్లు, స్టూడెంట్ల మంద, ఊరికి ఆ కొసన మన థెరపీ సెంటర్ రెండో బ్రాంచి. వారంలో సగం రోజులు ఇక్కడ ఉండనే ఉండను. చూడని చేతికి సంతకం పెట్టడమంటే నాకు భయంగా ఉందక్కా.

నువ్వు సిఫార్సు చేసి అంటగట్టిన అసిస్టెంట్ ఉందే, మన పిన్ని కూతురు, మన వసపిట్ట! దాని నోట్లో నువ్వుగింజ నానదు. పేషెంట్ల ఇళ్ళలో పిల్లికి జలుబు చేసినా నాకు చెప్పాల్సిందే. పైగా అందరి ముందూ "చిన్నక్కా, చిన్నక్కా" అని పిలుపొకటి.

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దర్జీ ఒకావిడ వస్తోంది. మెట్లమీద జారి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది, కట్టు విప్పారు, కానీ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు. మొగుడు లేడు, ఇంటికి ఆ చెయ్యే ఆధారం. "బళ్ళు తెరిచేలోగా కత్తెర పట్టించండి మేడమ్, మీకు పుణ్యముంటుంది" అంది. పట్టిస్తానని మాటిచ్చి, ప్లాన్ రాసి వసపిట్టకి అప్పజెప్పాను. ఇదేం చేసిందో తెలుసా? ఆవిడ బతిమాలిందని చేతికి పెట్టుకునే స్ప్లింట్ తీసేసి, నన్ను అడక్కుండా అప్పుడే నిజం కత్తెర చేతికిచ్చి మందపాటి గుడ్డ కత్తిరించమంది! మర్నాటికి మణికట్టు బూరెలా పొంగింది. అదృష్టం బాగుండి వాపు తగ్గిందనుకో.

దీన్నేం చెయ్యాలో చెప్పు. తిడితే పిన్నికి కోపం, తిట్టకపోతే నా సంతకానికి ముప్పు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 17

ఒసేయ్ చెల్లాయ్,

కుర్చీ సంగతి కావాలనే చెప్పలేదు. నేనూ మొదటిరోజు పడ్డాను. మన వంశాచారం అనుకో.

బావగారు ఒళ్ళు తగ్గించుకుంటానని సైకిల్ కొన్నారు. తొక్కరు. రోజూ తుడిచి గోడకి ఆనిస్తారు. దాన్ని తుడిచీ తుడిచీ ఆయన చేతులైనా సన్నబడితే అదే పదివేలు. ఇక్కడ కాలేజీలో నా స్టూడెంట్లు బంగారాలు, పుస్తకమంతా అప్పజెబుతారు, మనిషి చెయ్యి పట్టుకోమంటే మాత్రం వెనక్కి జంకుతారు.

నీ ప్రశ్నకి జవాబు సూటిగా చెబుతున్నా, విను. బంధుత్వం గుమ్మం బయట. లోపల అది అసిస్టెంటు, నువ్వు సూపర్‌వైజరు. ప్లాన్ మార్చే హక్కు దానికి లేదు. మార్చాలనిపిస్తే నిన్ను అడగాలి. ఈసారి వాపుతో పోయింది, ఇంకోసారి ఎముకే కదిలితే? నేను దాన్ని సిఫార్సు చేశాను కదా అని మెత్తబడకు. నాలుగు తిట్టు, నలుగురి ముందూ తిట్టినా ఫరవాలేదు, స్టూడెంట్లకీ బుద్ధొస్తుంది. ఆ కబుర్లు కూడా కాస్త కట్టిపెట్టమను. పనిచేసే చోట పిల్లుల జలుబులెందుకు?

పిన్నిని నేను చూసుకుంటాను.

దర్జీ ఆవిడ చెయ్యి ఎలా ఉందో మాత్రం రాస్తూ ఉండు. నాకు అలాంటి చేతులంటే పాపం అనిపిస్తుంది. గట్టి మనిషిలా ఉంది, త్వరగానే కోలుకుంటుంది.

అక్క


ఏప్రిల్ 27

అక్కా,

నీ మాట తు.చ. తప్పలేదు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి వసపిట్టని కడిగి పారేశాను. "నీ సొంత తెలివి ఇంట్లో పెట్టి రా. ప్లాన్‌లో ఉన్నది చెయ్యి, చేసింది రాయి, అడిగినదానికి జవాబు చెప్పు. అంతే" అన్నాను. చిన్నక్క లేదు గిన్నక్క లేదు, ఇకమీదట మేడమ్ అనాలన్నాను. దాని ముఖం పాలిపోయింది. "సరే మేడమ్" అంది. ఆ మాట వినగానే మళ్ళీ చిన్నక్కా అని పిలిపించుకోవాలనిపించింది, నిజం చెబుతున్నాను. కానీ పైకి తేలనివ్వలేదులే, నీ శిష్యురాలిని కదా.

మరి ఫలితం చూడు. ఇప్పుడు దాని నోట్స్ ఎంత శుభ్రంగా ఉంటున్నాయో! ఇదివరకు ఒక్కో పేషెంటుకి పురాణం రాసేది. ఇప్పుడు రెండు ముక్కలు. వేళ్ళు వంచాను, స్ప్లింట్ పెట్టాను, అంతే. సంతకం పెట్టడం ఎంత తేలికైపోయిందో!

దర్జీ ఆవిడకి కూడా అదే ప్లాన్, వేళ్ళు గట్టిగా వంచి బిగువు వదిలించడం. నేను ఎక్కువగా రెండో బ్రాంచిలోనే ఉంటున్నాను. రెండుచోట్లా త్వరలో ఇన్‌స్పెక్షన్. అల్మరాలు సర్దలేక తల ప్రాణం తోకకొస్తోంది.

బావగారి సైకిలుకి నా నమస్కారాలు.

నీ చెల్లెలు


మే 4

చెల్లాయ్,

శభాష్. ఇప్పటికి కుర్చీలో కూర్చున్నావు.

ఒక్క మాట. పిన్ని ఫోన్ చేసింది. పిల్ల ఇంట్లో కూడా నోరు విప్పడం లేదట, అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకుంటోందట. "పెద్దదానివి, నువ్వైనా చెల్లెలికి చెప్పు" అని ఏడ్చింది. కొత్తలో ఎవరికైనా అలాగే ఉంటుంది. అయినా వీలుచూసి ఒకసారి భుజం తట్టు. తిట్టిన నోటితోనే ఒక మంచిమాట అంటే పోయేదేముంది?

నువ్వు సెంటర్లో ఉన్న రోజున దర్జీ ఆవిడ చెయ్యి నువ్వే పట్టుకు చూడు. నోట్స్ శుభ్రంగా ఉన్నాయంటే చెయ్యి బాగుందని కాదుగా. నీకు తెలియనిది కాదనుకో.

నాకు మోకాళ్ళ నొప్పి. బావగారు సైకిల్ తొక్కమని నాకు సలహా ఇచ్చారు. ఆయన ఇంకా బతికే ఉన్నారు.

అక్క


మే 13

అక్కా,

నీ ఉత్తరం చదివి కోపంతో కాసేపు రాయలేకపోయాను. తిట్టమన్నది నువ్వు. నలుగురి ముందూ తిట్టమన్నదీ నువ్వే. తీరా తిట్టాక పిన్ని వైపు చేరి, భుజం తట్టమంటావా? మీ ఇద్దరికీ అది పసిపాప, నేను రాక్షసిని. చిన్నప్పటినుంచీ ఇంతే. అది ఏడిస్తే చాలు, తప్పెవరిదైనా దెబ్బలు నాకే.

ఇన్‌స్పెక్షన్ వాళ్ళ ముందు నేను ఎలా నెగ్గుకొచ్చానో ఎవరూ అడగరు. అదే రోజు, ఇక్కడ సెంటర్లో వాళ్ళని పైకి తీసుకెళ్తుంటే, మెట్లమీద నన్ను ఆపింది మీ ముద్దుల వసపిట్ట. "మేడమ్, దర్జీ ఆవిడకి కుర్తా చెయ్యి తగిలినా ఓర్చుకోలేకపోతోంది, ఏడుస్తోంది, చెయ్యి కూడా ఏదోలా ఉంది..." అంటూ మొదలెట్టింది. అందరూ వెనకాల నిలబడిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ప్లాన్‌లో ఉందా లేదా? ఉంటే చెయ్యి" అన్నాను. నోరు మూసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ పాత బుద్ధే అక్కా, ఆవిడ బతిమాలి ఉంటుంది, ఇది కరిగిపోయి ఉంటుంది. వేళ్ళు వంచితే ఎవరికైనా నొప్పేగా? నొప్పి అన్నవాళ్ళందరినీ వదిలేస్తే ఇక మనమెందుకు?

నీ మోకాళ్ళు జాగ్రత్త.

చెల్లెలు


మే 18

చెల్లాయ్,

ముందు కోపం పక్కన పెట్టి ఇది చదువు.

ఎముక అతికాక నొప్పి రోజురోజుకీ తగ్గుతూ రావాలి. కుర్తా చెయ్యి తగిలితేనే ఓర్చుకోలేకపోవడం వేళ్ళు వంచిన నొప్పి కాదు. ఈ ఉత్తరం అందిన పూటే ఆవిడ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడు. కుడిచెయ్యి వాచి, చర్మం నున్నగా మెరుస్తోందా? రంగు మారిందా? రెండో చేతికంటే వేడిగా, చెమటగా ఉందా? వీటిలో ఏది ఉన్నా గట్టిగా వంచడం వెంటనే ఆపించు. ఆ రోజే డాక్టర్‌కి చూపించు. గాయం మానినా నరాలు గాయం ఉన్నట్టే అరుస్తుంటాయి, అదొక జబ్బు. మొదట్లో పట్టుకుంటే చాలామందికి దారికొస్తుంది. ఆలస్యమైతే వేళ్ళు బిగుసుకుపోతాయి, ఆ తరవాత మనం ఎంత చేసినా అంతంతమాత్రమే. నీకూ ఇదంతా తెలుసు, చదువుకున్నావు. అల్మరాల గొడవలో తట్టి ఉండదు.

నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తడం లేదు. సెంటర్‌కి చేస్తే రెండో బ్రాంచిలో ఉన్నారన్నారు, రెండో బ్రాంచికి చేస్తే ఇప్పుడే వెళ్ళారన్నారు. ఫోన్ చెయ్యమని చెప్పమన్నాను. చెప్పారా?

నేను ఎవరి వైపూ చేరలేదే పిచ్చిదానా. చెయ్యి చూడు.

అక్క


మే 23

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. తెరవలేదు. అద్దం పక్కన పెట్టాను.

నువ్వు ఫోన్ చేశావని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. ఇంట్లో మోగినప్పుడూ నువ్వేనని తెలుసు, ఎత్తలేదు. ఎందుకో కూడా చెబుతాను. మొన్న పిన్ని కనిపించి "పెద్దది నీతో మాట్లాడతానంది, దాని మాటైనా విను" అంది. ఆ ముసలావిడ ముందు తలొంచుకుని నిలబడ్డాను. ఇంకోసారి వసపిట్ట మీద జాలిపాఠం వినే ఓపిక నాకు లేదు. కాస్త చల్లబడ్డాక చదువుతాను. అంతవరకూ నన్ను నా పని చేసుకోనీ.

ఇన్‌స్పెక్షన్‌లో మనకి మంచి మార్కులే వచ్చాయి. ముఖ్యంగా నోట్స్ బాగున్నాయన్నారు.

చెల్లెలు


మే 28

చెల్లాయ్,

కవరు మీద ఎర్ర సిరాతో రాశాను, చూసే ఉంటావు. ఇది వసపిట్ట గురించి కాదు, దర్జీ ఆవిడ చెయ్యి గురించి. అద్దం పక్కనున్న ఉత్తరం ఇప్పుడే తెరువు. నన్ను తర్వాత తిట్టుకో.

అక్క


జూన్ 8

అక్కా,

కవరు చూశాను, అద్దం పక్కనున్నదీ చదివాను. ఉన్నపళాన సెంటర్‌కి వెళ్ళాను.

దర్జీ ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉంది. కుర్తా కుడిచెయ్యిని భుజం దాకా కత్తిరించేసుకుంది, గుడ్డ తగలకూడదని. ఇంకొకరి బట్టలు కుట్టే మనిషి తన కుర్తా తనే అలా కోసుకుంది. ఆ చెయ్యి వాచి, మైనం పూసినట్టు మెరుస్తోంది. నేను ముట్టుకోకముందే వెనక్కి లాక్కుంది. వేళ్ళు సగం ముడిచినట్టు ఉండిపోయాయి, అటూ రావు, ఇటూ పోవు. పక్కన వసపిట్ట నిలబడి ఉంది. నన్ను చూసి, నోట్స్ తీసి చేతికిచ్చింది.

పెద్ద డాక్టర్‌కి చూపించాను. చాలా ఆలస్యంగా తెచ్చారన్నాడు. ఇన్నాళ్ళూ వేళ్ళు గట్టిగా వంచమన్నది ఎవరని అడిగాడు. నా ప్లాన్ అని చెప్పాను. మందులిచ్చాడు, ఆశ పెట్టుకోవద్దన్నాడు.

మేనేజర్ మమ్మల్ని పిలిచి, "చెయ్యి ఇలా అవుతుంటే సూపర్‌వైజర్‌కి ఎందుకు చెప్పలేదు?" అని వసపిట్టని అడిగాడు. అది నా వైపు చూడలేదు. "నాకు తట్టలేదు సార్. నాదే తప్పు" అంది. బల్ల మీదున్న టీ మరక చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే దాన్ని పనిలోంచి తీసేశారు. బయటికొచ్చాక "ఎందుకలా చెప్పావే?" అని అడిగాను. "మీ ఉద్యోగం ఉండాలి కదా మేడమ్" అంది.

ఇంకా మేడమ్ అనే అంటోందక్కా.

నీ చెల్లెలు


జూన్ 16

నా తల్లీ,

నీ ఉత్తరం మీద ఏడ్చాను. మీ బావగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

నాకూ చెప్పాల్సినది ఉంది. నువ్వు ఫోన్ ఎత్తని ఆ రోజుల్లో వసపిట్టకి ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. వంచడం ఆపి ఆవిడని డాక్టర్ దగ్గరికి పట్టుకుపో అంటే, ఆ నిమిషంలో బయలుదేరేది. చెయ్యలేదు. ఎందుకో తెలుసా? ఒక సూపర్‌వైజర్ తల మీదుగా ఆమె అసిస్టెంట్‌కి ఇంకొకరు ఆర్డర్ వెయ్యకూడదు. మన పనిలో అది మర్యాద. నీకు నేర్పింది నేనే, రోజూ స్టూడెంట్లకి చెప్పేదీ నేనే. నీ కుర్చీ విలువ తగ్గించకూడదని, ఆ మర్యాద పట్టుకుని వేలాడాను. ఎర్ర సిరా తీసి కవరు మీద రాస్తూ కూర్చున్నాను గాని, దానికి ఒక్క ఫోన్ చెయ్యలేదు.

దాని కబుర్లు కట్టిపెట్టమన్నదీ నేనే. పేషెంట్ల ఇంట్లో పిల్లి దగ్గర్నుంచి దానికి తెలిసేదంటే, చేతి సంగతి తెలియకుండా ఉంటుందా? ఆ కబుర్లన్నీ దాని రిపోర్టులేనని, ఇన్నేళ్ళు ఈ పని చేసి నాకు తట్టలేదు.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పు. మెట్లమీద చెప్పింది, నేనే వినలేదు అని చెప్పు. ఉద్యోగం పోతే పోతుంది. నేనూ ఆయన పేర ఒక ఉత్తరం రాసి నీకు పంపుతాను.

అక్క


ఆగస్టు 2

అక్కా,

ఆలస్యానికి ఏమనుకోకు. రాయడానికి మంచివార్త ఒక్కటైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

మేనేజర్‌కి నిజం చెప్పాను. నీ ఉత్తరం కూడా చూపించాను. అంతా ఓపిగ్గా విన్నాడు. "కాగితాల మీద ముగిసిపోయింది, మళ్ళీ తవ్వితే సెంటర్‌కే చెడ్డపేరు. మీ బాధ నాకర్థమైంది, వెళ్ళి పని చూసుకోండి" అన్నాడు. నన్ను తీసెయ్యమన్నాను. తీసెయ్యనన్నాడు. సూపర్‌వైజర్లు దొరకడం లేదట.

పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. వసపిట్ట మంచినీళ్ళిచ్చింది, కుర్చీ వేసింది. ఇంకో సెంటర్లో ప్రయత్నిద్దాం, నేను మాట్లాడతానన్నాను. "నాకు మనుషుల్ని ముట్టుకోవాలంటే భయంగా ఉంది" అంది. గోదాములో సరుకుల పెట్టెలకి చీటీలు అంటించే పనిలో చేరిందట. పిన్ని గదిలోంచి బయటికి రాలేదు. రావాలని నేనూ ఆశించలేదు.

బళ్ళు తెరిచి చాన్నాళ్ళయింది. యూనిఫాంల పని ఇంకొకరు పట్టుకుపోయారు. దర్జీ ఆవిడకి రోజూ నేనే చేయిస్తున్నాను, ఇంకెవరికీ అప్పజెప్పలేదు. వాపు కొంచెం తీసింది. వేళ్ళు రాలేదు. ఎడమచేత్తో కత్తెర పట్టిద్దామని చూశాను. ఆవిడ కాసేపు ప్రయత్నించి, గుడ్డ వంకర పోతుంటే చూడలేక కిందపెట్టేసింది.

నిన్న చెప్పాల్సొచ్చింది. ఇక కుడిచెయ్యి ఇంతేనమ్మా, మునుపటిలా రాదు అని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన చేతిని కాసేపు చూసుకుని, "మేడమ్, ఒకటి అడగనా?" అంది.

"అడగండి" అన్నాను.

"మంట మొదలైన కొత్తలో ఆ పిల్లకి చెప్పుకున్నాను. మా మేడమ్‌కి చెప్తాను, ఆవిడ చూస్తే తగ్గిపోతుంది, మీరు బాధపడకండి అంది. మీకు చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఇంకేమైనా అంటానేమోనని ఆగింది.

"చెప్పిందా, పాపం" అంది. "మర్చిపోయి ఉంటుందని ఇన్నాళ్ళూ ఆ పిల్లనే తిట్టుకున్నాను."

లేచి ఎడమచేత్తో సంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు తీయబోతే వద్దంది, తనే తీసుకుని వెళ్ళింది. ఇవాళ రాలేదు.

నీ చెల్లెలు